పొలం పేర్లు అడిగే పద్ధతి: యువ రచయితకు లేఖ

ప్రియమైన తమ్ముడికి,

కోనసీమ ఊళ్ల పేర్ల మీద రాస్తానన్నావు, చాలా సంతోషం. అయితే ముందు ఊరి పేరు పక్కన పెట్టు. దానికి స్థలపురాణం ఎప్పుడో కట్టేశారు. ర్యాలి అనగానే మోహిని జడలోంచి రాలిన పువ్వు కథ చెప్తారు, నీ వెతుకులాట అక్కడే ఆగిపోతుంది. చేల పేర్లు, పుంతల (చేలమధ్య బండిదారుల) పేర్లు, రేవుల పేర్లు పట్టుకో. వాటి జోలికి పురాణం పెద్దగా రాలేదు.

"ఈ పేరెందుకొచ్చింది?" అని మొదటే అడగకు. నిన్ను ఉత్తచేతుల్తో పంపడం ఇష్టంలేక అప్పటికప్పుడు ఓ కథ అల్లేస్తారు. "ఎరువు బస్తాలు ఎక్కడ దింపమంటారు?" అని అడుగు. "పాతరేవు కాడ" అని పేరు దానంతటదే వస్తుంది. విన్నది విన్నట్టే రాసుకో, సంస్కృతంలోకి దిద్దకు. పట్నంలో ఉండే ఆసామికి సర్వే నంబరే తెలుస్తుంది. కౌలు రైతుకి, కాలువ నీళ్లు చూసే లస్కరుకి, చేపలు పట్టేవాళ్లకి పేర్లు తెలుస్తాయి.

ఏటిగట్టుకి ఎంతో దూరాన ఉన్న చేనుకి లంక (ఏటి నడుమ దిబ్బ) అనో రేవు అనో పేరుందనుకో. గ్రామ పటం తీసి చూడు. చుట్టుపక్కల చేలగట్లన్నీ తిన్నగా ఉండి, ఆ చేల వరస ఒక్కటే వంపులు తిరుగుతూ పక్క ఊరి హద్దులోకి సాగితే అది గోదారి పాత పాయ అయ్యుండొచ్చు. బోర్లు వేసేవాళ్లని కనుక్కో: చుట్టూ బంకమన్ను పడి అక్కడ మాత్రం పైనుంచే ఇసక పడిందంటే అనుమానం బలపడుతుంది. 1986 ఆగస్టు వరదలో నీళ్లు ముందు ఏ చేలోకి దిగాయో పెద్దవాళ్లకి గుర్తుంటుంది, అదీ అడుగు. వీటిలో రెండైనా కలవందే "ఇక్కడ గోదారి పారేది" అని రాయొద్దు.

సప్తగోదావరుల్లో, అంటే గోదారి ఏడు పాయల్లో, లెక్కించే కౌశిక, తుల్యభాగ పేర్లు ఇవాళ మురుగు కాలువలకి మిగిలాయి. డ్రెయిన్ పూడిక తియ్యలేదని రైతు మొత్తుకునేటప్పుడు కూడా ఆ పేరే పలుకుతాడు. ఆ మాట నీ వ్యాసంలోకి అలాగే రావాలి.

గోదారి పాయ వైనతేయ సముద్రంలో కలిసే చోట ఓడలరేవు ఉంది. ఇప్పుడక్కడ కనిపించేది ఓఎన్‌జీసీ టెర్మినల్. ఓడల సంగతి పేరులోనే ఉంది. దగ్గర్లోని బెండమూర్లంకలో ఒకప్పుడు ఇంగ్లీషు కంపెనీ వర్తక స్థావరం ఉండేది. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలోనూ అంతే. అక్కడి నూలుగుడ్డ మడపొల్లం అనే పేరుతో ఇంగ్లండుకి వెళ్లింది.

కాలం తేల్చడానికీ పేరు పనికొస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువలమీది లాకులు (పడవల్ని ఎక్కించి దింపే తలుపులు) ఆ పనితో వచ్చినవే. కనక లాకు పేరున్న పేట కనిపిస్తే ఆ పేరు అంతకంటే పాతది కాదు. పేట మాత్రం పాతదే కావచ్చు, ఆ రెండూ కలిపెయ్యకు.

ఎక్కువమంది బోల్తాపడేది ఇంకోచోట. లంక కోతకి గురైతే జనం గట్టు ఇవతలికి వచ్చి, కొత్తచోటికీ పాత పేరే పెట్టుకుంటారు. అప్పుడు ఆ పేరు చెప్పే చెట్టో గుడో ఇప్పుడున్న ఊళ్లో వెతికితే దొరకదు, అది ఏటి అడుగున ఉంటుంది. అందుకే ప్రతి పేరు పక్కనా "ఎప్పుడు లేచి వచ్చారు, ఎటునుంచి?" అన్న గడి ఒకటి పెట్టుకో.

దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక వెళ్లు. చేలు ఖాళీగా ఉంటే పల్లం, మెరక కంటికి తెలుస్తాయి. ముందు ఒక్క పంచాయతీ చాలు. పేర్ల జాబితా పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య