వింత బాస్కెట్ పడితే ఏం చెయ్యాలి?

చిరంజీవి అమ్ములుకి, బాబాయి ఆశీస్సులు.

బాస్కెట్‌బాల్ రెఫరీగా మొదటి మ్యాచ్‌కి వెళ్తున్నావని తెలిసింది. ఫౌల్స్, ట్రావెలింగ్ (బంతిని నేలకి కొట్టకుండా అడుగులెయ్యడం) ఆటలో ప్రతి నిమిషం వస్తూనే ఉంటాయి, వాటికి నీకే చెయ్యి తిరుగుతుంది. టెన్షన్ పెట్టేవి ఎప్పుడో ఒకసారి పడే వింత బాస్కెట్లు. హాలంతా గోల చేస్తుంటే నువ్వు మాత్రం బంతి ఎవరి చేతిలోంచి, ఎక్కణ్ణుంచి, ఏ క్షణంలో వదిలిందో గుర్తుపెట్టుకో. తీర్పు సగం అక్కడే దొరుకుతుంది.

సొంత బాస్కెట్‌లో బంతి పడటమే తీసుకో. రీబౌండ్‌కి, అంటే గురి తప్పి వెనక్కొచ్చిన బంతికి, ఎగబడి డిఫెండర్ పొరపాటున వేసుకుంటే ఎదుటి జట్టుకి 2 పాయింట్లు. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్ ప్రకారం అవి అప్పుడు కోర్టులో ఉన్న ఆ జట్టు కెప్టెన్ పేరున ఎక్కుతాయి. ఆయన అవతలి కొసన చెమట తుడుచుకుంటూ నిలబడ్డా సరే! కావాలని వేసుకుంటే మాత్రం అది వయొలేషన్ (రూల్ తప్పడం), పాయింట్లు ఉండవు.

కావాలని ఎవరు వేసుకుంటారంటావా? 1962లో యూరోపియన్ కప్‌లో ఇటలీకి చెందిన వరేసే జట్టుతో ఆడుతూ రియల్ మాడ్రిడ్ ఆటగాడు లోరెంజో అలోసెన్ ఆ పనే చేశాడు. స్కోరు సమంగా ఉంది. ఓవర్‌టైమ్‌కి వెళ్తే ఎక్కువ తేడాతో ఓడిపోతామని భయం. రెండు మ్యాచ్‌ల స్కోరూ కలిపి గెలుపు తేలుస్తారు, రెండోది తమ ఊళ్లోనే కాబట్టి, 2 పాయింట్లతో ఓడినా నష్టం లేదని లెక్క వేసుకున్నారు. తెలివైన పనే, కానీ చూసినవాళ్లకి ఒళ్లు మండింది. ఆ తర్వాతే రూల్ మార్చారు.

ఆఖరి క్షణాల్లో గడియారం మీద ఓ కన్నుంచు. త్రో-ఇన్ (గీత బయట నుంచి లోపలికి విసిరే బంతి) అందుకుని షాట్ కొట్టాలంటే కనీసం 0.3 సెకను ఉండాలి. 0.2 లేదా 0.1 ఉంటే బంతిని తట్టి వెయ్యాలి, లేదా గాల్లోనే అందుకుని నేరుగా డంక్ చెయ్యాలి, అంటే పైనుంచి రింగులోకి కుక్కాలి. పట్టుకుని కొడితే ఎంత అందంగా పడినా చెల్లదు. అన్నట్టు, త్రో-ఇన్ బంతి ఎవరినీ తాకకుండా నేరుగా బాస్కెట్‌లో పడినా వయొలేషనే.

బంతి లోపల పడకుండానే పాయింట్లు వచ్చే సందర్భమూ ఉంది. కిందికి దిగుతున్న షాట్‌ని, బంతి పూర్తిగా రింగు కన్నా పైనుండగా డిఫెండర్ ముట్టుకుంటే, షాట్‌ని బట్టి 2 లేదా 3 ఇచ్చెయ్. ఫౌల్‌కి ఇచ్చే ఫ్రీ త్రోల్లో ఆఖరిదానికి అదే పని చేస్తే 1 పాయింటుతో పాటు అతని మీద టెక్నికల్ ఫౌల్ (ఒంటికి తగలకుండానే చేసే తప్పుకి వేసే ఫౌల్) కూడా.

రింగు బిగించిన బోర్డు వెనక నుంచి, దాని మీదుగా వచ్చి పడ్డ బంతి దగ్గర టీవీ అలవాటు నిన్ను దెబ్బతీస్తుంది. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో అది అవుట్. ఫిబాలో బోర్డు వెనక భాగాన్నో, స్తంభాన్నో తాకకపోతే బాస్కెట్ చెల్లుతుంది.

అనుమానం వస్తే తోటి రెఫరీ దగ్గరికి నడిచి వెళ్లి అడుగు, పరుగెత్తకు. ఈలోగా కోచ్‌లు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. ముందు స్కోరు రాసే టేబుల్‌కి పాయింట్లు చూపించు, వాళ్లకి జవాబు ఆ తర్వాత చెప్పొచ్చు.

మీ బాబాయి