మానవశాస్త్రం తీసుకుంటానన్న మేనకోడలికి

చిరంజీవి కోడలికి, మామయ్య ఆశీస్సులు.

డిగ్రీలో మానవశాస్త్రం (ఆంత్రోపాలజీ) తీసుకుంటానన్నావట. "ఎముకలూ పుర్రెలూ చదివి ఏం ఉద్యోగం చేస్తుందిరా?" అని మీ నాన్న ఫోన్లో ఒకటే టెన్షన్. ఎముకలున్న మాట నిజమే. మనిషి పరిణామం, జన్యువులు, రక్తవర్గాలు ఒక పక్క; పెళ్లిళ్లు, చుట్టరికాలు, దేవుళ్లు, సంతలు ఇంకో పక్క. ఆ మొదటి పక్క చూసి మొహం ముడుచుకునేటట్టయితే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) జోలికి పోవద్దు, మైనర్ (పక్క సబ్జెక్టు) చాలు. మేజరే కావాలంటే మైనర్‌గా స్టాటిస్టిక్స్ పెట్టుకో. రేపు సర్వే పనులకు పిలిచేవాళ్లు ముందు అదే అడుగుతారు.

సివిల్స్‌లో ఆప్షనల్‌గా, అంటే మనమే ఎంచుకునే సబ్జెక్టుగా, పనికొస్తుందని ఎవరో చెప్పే ఉంటారు. రెండు పేపర్లు, 500 మార్కులు, నిజమే. కానీ ఆప్షనల్ రాయడానికి ఆ డిగ్రీ ఉండాలన్న రూలేమీ లేదు. అదొక్కటే కారణమైతే డిగ్రీలో ఇంకేదైనా చదువుకో.

ఈ చదువుకు ప్రాణం ఫీల్డ్‌వర్క్, అంటే జనం మధ్యకు వెళ్లి చూసి రాసుకోవడం. అది నీకు సరిపడుతుందో లేదో ఫీజు కట్టకముందే తేల్చుకోవచ్చు. మొహర్రం నెలలో నెల్లూరు రొట్టెల పండగకు వెళ్లు. మొక్కుకోడానికి కాదు, చూడ్డానికి (మొక్కుకున్నా తప్పులేదు). దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో దిగి నిలబడ్డవాళ్లలో చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె అని ఎవరికి కావలసింది వాళ్లు అడిగి పుచ్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. ముస్లింల దర్గా దగ్గర హిందువులు ఇంతమంది ఎందుకున్నారని వెంటనే సిద్ధాంతం చెయ్యకు. ఎవరు ఎవరిని ఏమని పిలిచి అడిగారు, ఇచ్చాక ఏమన్నారు, పక్కనున్న మగవాళ్లు ఏం చేస్తున్నారు, ఇవి రాసుకో. ఆ రాత్రే నోట్సు పూర్తి చెయ్యి, తెల్లారితే సగం మర్చిపోతావు. ఈ పని విసుగనిపిస్తే కామర్సే మేలు.

ఊళ్లోకి వెళ్తే మాత్రం ప్రశ్నల కాగితం చేత్తో పట్టుకుని పోవద్దు. ఏదో పథకం వచ్చిందనుకుని ఆధార్ కార్డులు తెచ్చి చూపిస్తారు! గిరిజనులైన యానాదుల కాలనీలకు వెళ్లేటప్పుడు ఇంకా జాగ్రత్త. 1871లో బ్రిటిష్‌వాళ్లు చేసిన నేరస్థ జాతుల చట్టం కొన్ని తెగలనూ కులాలనూ పుట్టుకతోనే దొంగలని ముద్రేసింది. మన నెల్లూరు జిల్లాలో కప్పరాళ్లతిప్పలో సెటిల్‌మెంటు పెట్టి మనుషుల్ని కాపలాలో ఉంచారు. దేశం మొత్తంమీద ఆ చట్టం 1952లో గానీ పోలేదు. నెల్లూరువాడైన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం పోరాడి, వాళ్లమీద పుస్తకమూ రాశారు. అది చదివి వెళ్లు. ఇలాంటి మనుషుల ఇంట్లో కూర్చుని ఏది రాసుకున్నా, ఎందుకు రాస్తున్నావో వాళ్లకు ముందే చెప్పాలి. వద్దన్నది రాయకూడదు.

ఇక కాలేజీ సంగతి. అన్ని డిగ్రీ కాలేజీల్లోనూ ఈ సబ్జెక్టు దొరకదు, అడ్మిషన్ నోటిఫికేషన్ చూసి ముందే కనుక్కో. తర్వాత పీజీకి తిరుపతిలో, విశాఖలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో శాఖలున్నాయి. తిరుపతి అయితే మీ అమ్మ కూడా ఒప్పుకుంటుంది. బావతో నేను మాట్లాడతాలే, ఆదివారం ఇంట్లోనే ఉండమను.

మీ మామయ్య