అనుభవం లేకుండా బయలాజికల్ ఆంత్రోపాలజీ ప్రాజెక్ట్ మొదలుపెట్టొచ్చా?

డిగ్రీలో ఉండగా ప్రొఫెసర్ దగ్గర బయలాజికల్ ఆంత్రోపాలజీలో (మనుషుల శరీరం, ఎముకలు, పళ్లు, పరిణామం గురించి చదివే శాస్త్రం) రీసెర్చ్ చేయాలని ఉంది, అనుభవం లేదు, ఏ టాపిక్ తీసుకోవాలి అని ఒకరు అడిగారు. నాకూ అప్పుడు ఏ అనుభవమూ లేదు. టాపిక్ గురించి అంత టెన్షన్ పడకండి. ముందు ఒక్క కొలత బాగా నేర్చుకోండి.

నేను "పూర్వకాలపు మనుషుల ఆరోగ్యం" అంటూ పెద్ద టాపిక్‌తో వెళ్లాను. మా మేడమ్ 40 కోరపళ్లున్న ట్రే ముందు పెట్టి, వాటి మీద గీతలు లెక్కపెట్టమన్నారు. చిన్నప్పుడు పెద్ద జబ్బు చేసినా, తిండి చాలకపోయినా ఎనామెల్ (పంటి మీది గట్టి పొర) తయారీ దెబ్బతిని పన్ను మీద అడ్డంగా సన్నటి పల్లం పడుతుంది, గీత అంటే అదే. ఎముక జీవితాంతం కొత్తబడుతూనే ఉంటుంది, ఎనామెల్ అలా కాదు. పన్ను అరిగిపోనంతవరకు ఆ గుర్తు ఉండిపోతుంది. కోరపన్ను పైభాగం తయారవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి బాల్యంలోని తొలి ఏళ్లు చాలావరకు అందులో దొరుకుతాయి. ఏ జబ్బు వల్ల పడిందో మాత్రం గీత చెప్పదు.

ల్యాంప్ పక్కకు వంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా పెడితేనే ఆ పల్లం నీడ కనిపించేది. మొదటి రోజు ఒక్క పంటికే పావుగంట పట్టింది. రెండు వారాల తర్వాత, పాత లెక్క చూడకుండా మళ్లీ లెక్కపెట్టమన్నారు. 11 పళ్లకు లెక్క మారిపోయింది! ఏడుపొచ్చినంత పనైంది. ఆ 11 పళ్లనూ మేడమ్ నాతో కూర్చుని ఒక్కొక్కటే చూశారు. ఎంత స్పష్టంగా ఉంటే గీత అనాలో నేను ఎక్కడా రాసుకోలేదని అప్పుడు తెలిసింది. అది రాసుకున్నాక మూడోసారి తేడా 3 పళ్లకు తగ్గింది. చివరికి నా ప్రాజెక్ట్ అదే అయింది: ఇద్దరం విడివిడిగా చూస్తే లెక్క ఎంతవరకు కలుస్తుంది? యాదృచ్ఛికంగా కలిసినవాటిని పక్కనపెట్టి చూడటానికి, జేకబ్ కోహెన్ అనే మనస్తత్వవేత్త 1960లో ఇచ్చిన కప్పా లెక్క వాడాం.

ప్రొఫెసర్‌కు మెయిల్ రాసేముందు వారి పేపర్ ఒకటి చదివి, అందులోని ఒక కొలత గురించి అడగండి. మీ చేతికిచ్చే పళ్లు, ఎముకలు ఎవరివి, ఎలా వచ్చాయి, వాటిపై పనిచేయడానికి అనుమతి ఉందా అన్నది మొదటి మీటింగ్‌లోనే తెలుసుకోండి. అవి ఒకప్పుడు బతికిన మనుషులవి, అడగడానికి మొహమాటపడొద్దు. బతికున్నవాళ్లను కొలిచే పనైతే ఎథిక్స్ కమిటీ (మనుషులపై చేసే పరిశోధన సరైనదేనా అని చూసే కమిటీ) అనుమతి వచ్చేదాకా ఒక్కరినీ కొలవకూడదు. దానికి వారాలు పట్టొచ్చు, కాబట్టి ఆ దరఖాస్తు అన్నిటికంటే ముందు పెట్టండి.