ఉంగరం లోపల నాలుగు ఫ్రెంచి మాటలు

చిరంజీవి మేనల్లుడికి పర్లాకిమిడి నుంచి మీ అత్త ఆశీర్వదించి రాయునది.

నీ వాట్సాప్ చూశాను. బరంపురంలో ఉంగరం చూశావని, లోపల "ఏడేడు జన్మలకూ నా ప్రాణం నువ్వే" అని ఫ్రెంచిలో చెక్కిస్తానని రాశావు. ఎంత మంచి ఆలోచన! కానీ ఫోన్‌లో చేసి పంపిన అనువాదం చదివాక ఊరుకోలేకపోయాను. ఇరవై ఏళ్లు పాండిచ్చేరిలో ఆ భాష పాఠం చెప్పినదాన్ని. పైగా నువ్వు చేసుకోబోయే అమ్మాయి ఫ్రెంచి చదువుకున్న పిల్ల. తప్పుంటే మొదట తనకే తెలుస్తుంది, తెలిసినా నీతో అనదు. అందుకే వివరంగా రాస్తున్నాను. ఫ్రెంచి మాటల్ని ఇక్కడ పలికేటట్టు తెలుగులోనే రాస్తాను. అసలు అక్షరాలు వేరే కాగితం మీద రాసి ఫొటో పెడతాను.

నీ వాక్యంలో "వూ" అని ఉంది. అంటే "మీరు". నువ్వు ఇంగ్లీషులో టైప్ చేసి ఉంటావు. అక్కడ "యూ" ఒక్కటే కాబట్టి తేడా పోయింది. మనకి నువ్వు, మీరు ఉన్నట్టు, ఒడియాలో తు, తుమె, ఆపణ ఉన్నట్టు, ఫ్రెంచిలో "త్యు", "వూ" ఉన్నాయి. దగ్గరి మనిషిని "త్యు" అనాలి.

ఇంకోచోట "చాలా ప్రేమిస్తున్నాను" అని కలపమన్నావు. వద్దు నాన్నా. "జ తెమ్" అంటే నిన్ను ప్రేమిస్తున్నాను. దాని పక్కన "బాగా" అనే అర్థం ఉన్న "బ్యాఁ" చేరిస్తే, బలం పెరగడానికి బదులు "నువ్వంటే నాకిష్టమేలే" అని స్నేహితులతో అనే మాటైపోతుంది. ప్రేమ చెప్పేటప్పుడు ఆ భాషలో తక్కువ మాటలే నిండుగా ఉంటాయి.

"మోన్ అమూర్" అంటే నా ప్రేమ. అమ్మాయి కదా, "మోన్" మారాలేమో అని నీకొచ్చిన అనుమానం సహజమే, కానీ మార్చకు. హిందీలో మేరా, మేరీ లాగా ఇక్కడా "నా" అనే మాట దాని తర్వాత వచ్చే పదం లింగాన్ని బట్టి మారుతుంది, మనిషిని బట్టి కాదు. ఆడపిల్లని పిలిచినా "మోన్ అమూర్" అనే అంటారు.

అన్నిటికన్నా నాకు భయం "ఆ జామే" అనే మాటతో. అంటే ఎప్పటికీ అని. మీ చిన్నత్త పెళ్లికి నేనిచ్చిన ఉంగరంలో అదే చెక్కించాను. చోటు చాల్లేదని చెక్కినాయన మొదటి ఒక్క అక్షరం వదిలేశాడు. ఒట్టి "జామే" అని ఉంటే దాని అర్థం "ఎన్నడూ కాదు". పెళ్లి తేదీ పక్కన ఆ మాట! పీటల మీదకి వెళ్లే ముందు రోజు చూసి నేను ఏడ్చేశాను. అరగదీయిస్తే అక్షరాలతో పాటు బంగారమూ పోయింది, ఉంగరం పలచబడింది. ఆ పని ఇచ్చేటప్పుడు నేను పక్కన నిలబడలేదు. నువ్వు నిలబడు.

మన ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకోవడానికి సవర మాట్లాడే మనిషిని ఇంట్లోనే ఉంచుకున్నారు. నిఘంటువు రాసినాయనే భాష కోసం మాట్లాడేవాళ్ల దగ్గరికి వెళ్లారు. నా మాటే చివరిది అనుకోకు, పుట్టుకతో ఫ్రెంచి మాట్లాడే నా పాత స్నేహితురాలికి కూడా చూపిస్తాను.

ఇంతకీ నా సలహా ఇది: "త్యు ఎ మా వీ". నువ్వే నా జీవితం, మన తెలుగులో నా ప్రాణం నువ్వే. ఏడేడు జన్మలు వదిలెయ్. పదాలు మార్చి రాయొచ్చు గానీ, మనకి ఆ మాటలో వినిపించే తలంబ్రాలు, అగ్నిసాక్షి అక్కడివాళ్లకి వినిపించవు. ఈ నాలుగు మాటల్లో అక్షరాల మీద గీతలు లేవు, మధ్యలో చుక్కల్లాంటి గుర్తులు లేవు. మొత్తం తొమ్మిది అక్షరాలే కాబట్టి ఫ్రెంచి రాని పనివాడు కూడా తప్పు చెయ్యలేడు. క్లుప్తంగా చెక్కడం ఆ దేశంలోనూ ఉంది. "నిన్నటికన్నా ఎక్కువ, రేపటికన్నా తక్కువ" అనే ప్రేమమాటని 1907లో లియోన్ నగరపు నగల వ్యాపారి ఒకాయన ప్లస్, మైనస్ గుర్తులతో పతకం మీద చెక్కించాడు.

ఉంగరం లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లుంటే చుట్టుకొలత 50 మిల్లీమీటర్లు. అక్షరానికి, ఖాళీకి 2 చొప్పున వేసుకున్నా మన మాటకి 24 చాలు. "ఆ జామే" కూడా కలిపితే 42 అవుతుంది, హాల్‌మార్క్‌కి చోటు ఇరుకవుతుంది. 2023 ఏప్రిల్ నుంచి నగ మీద హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకి వేరుగా ఇచ్చే, అక్షరాలు అంకెలు కలిపి ఆరు ఉండే గుర్తింపు కోడ్ కూడా ఉండాలి కదా, అది చెరిగిపోకూడదు. ముందు అమ్మాయి వేలి కొలత సరిగ్గా తీసుకో. చెక్కాక సైజు మార్చాలంటే కోసి అతకాలి, అక్షరాలు పాడవుతాయి.

కొలత తెలిశాక ఫోన్ చెయ్. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంపుతాను. చెక్కే ముందు లేజర్ మెషీన్ స్క్రీన్ మీద ఎలా కనిపిస్తోందో ఒక ఫొటో నాకు పెట్టు. రాత్రి ఎంతైనా పర్వాలేదు, మేలుకునే ఉంటాను.

మీ అత్త