హాట్ రన్నర్ మోల్డ్‌కి 24 పిన్నుల కనెక్టర్ కట్టబోయే అబ్బాయికి

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

జీడిమెట్ల షెడ్‌లో హాట్ రన్నర్ మోల్డ్‌ల (ప్లాస్టిక్ గట్టిపడకుండా దారిలో హీటర్లు పెట్టిన అచ్చుల) కనెక్టర్లు ఇకమీదట నువ్వే చూసుకోవాలని మీ అమ్మ చెప్పింది. బయటికి చూస్తే అన్నీ ఒకేలాంటి ఇనుప డబ్బాలు, లివర్ వేస్తే పట్టుకుంటాయి. లోపల మాత్రం ఒకదాంట్లో హీటర్ల కరెంటు, ఇంకోదాంట్లో థర్మోకపుల్ (వేడి కొలిచే రెండు లోహాల తీగల జత) మిల్లీవోల్టులు. రెండింటికీ చెయ్యి ఒకేలా పెడితే కుదరదు నాన్నా.

ముందు లెక్క వెయ్యి. 230 వోల్టుల మీద 1000 వాట్ల హీటర్ 4.3 ఆంపియర్లు లాగుతుంది, 16 ఆంపియర్ల పిన్నుకి అదేం భారం కాదు. మ్యానిఫోల్డ్ (కరిగిన ప్లాస్టిక్‌ని పంచే దిమ్మ) జోన్, అంటే విడిగా వేడి చూసుకునే హీటర్ భాగం, 3000 వాట్లుంటే 13 ఆంపియర్లు. అలాంటి జోన్లు నాలుగు పక్కపక్కనే పెట్టావనుకో, ఒక పిన్ను వేడి పక్కదానికి ఎక్కుతుంది. 16 ఆంపియర్లనేది అన్ని పిన్నులూ ఒకేసారి, ఏ వేడిలోనైనా మోసే అంకె కాదు. మే నెలలో రేకుల షెడ్డు కింద, కాగుతున్న మోల్డ్ పక్కన అయితే అసలే కాదు. కేటలాగ్‌లో డీరేటింగ్ గ్రాఫ్ (వేడి పెరిగేకొద్దీ కరెంటు ఎంత తగ్గించాలో చూపేది) ఉంటుంది, అది చూసి పెద్ద జోన్లని దూరదూరంగా సర్దు.

కనెక్టర్లు కాలేది ఎక్కువగా క్రింప్ దగ్గరే, అంటే వైరుని పిన్నులో పెట్టి నొక్కి బిగించే చోటే. మంచి క్రింప్ నిరోధం 1 మిల్లీఓమ్ అనుకో, 13 ఆంపియర్ల దగ్గర పుట్టే వేడి 0.17 వాట్లు. లూజుగా ఉండి 10 మిల్లీఓమ్‌లు అయిందంటే 1.7 వాట్లు, అదీ అగ్గిపుల్లంత పిన్ను మీద. ఆ వేడికి ఫిమేల్ పిన్ను స్ప్రింగ్ మెత్తబడుతుంది, పట్టు తగ్గుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. అందుకే ప్లయర్‌తో నొక్కడం వద్దు, రాచెట్ ఉన్న క్రింపింగ్ టూలే వాడు. వైర్ తొడుగు 7 నుంచి 8 మిల్లీమీటర్లు తియ్యి. పిన్ను పక్కనున్న చిన్న రంధ్రంలో రాగి కనబడాలి, ఒక్క పోగు కూడా బయట వేలాడకూడదు. తర్వాత గట్టిగా లాగి చూడు. స్క్రూ టైపు అయితే వైర్ కొసకి సోల్డర్ పుయ్యకు. నొక్కుడుకి సోల్డర్ మెల్లగా జారిపోయి కొన్నాళ్ళకి స్క్రూ వదులవుతుంది. దానికి పిన్ లగ్ (వైరు కొసకి తొడిగి నొక్కే లోహపు గొట్టం) వెయ్యి. మోల్డ్ వైపు మామూలు పీవీసీ వైరు పనికిరాదు, అది 70 డిగ్రీల సరుకు. టెఫ్లాన్ గానీ ఫైబర్‌గ్లాస్ గానీ తీసుకో.

ఎర్త్ వైరు మిగతావాటికన్నా రెండు మూడు సెంటీమీటర్లు పొడుగ్గా వదులు. ఎవరైనా కేబుల్ లాగేసినా ఆఖర్న ఊడేది అదే కావాలి.

ఇక థర్మోకపుల్. కొంపలు ముంచేది రంగులు. థర్మోకపుల్‌లో జె, కె అని రకాలున్నాయి. జె టైపులో ఐఈసీ (అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతి అయితే నలుపు ప్లస్, తెలుపు మైనస్. అమెరికా పద్ధతిలో తెలుపు ప్లస్, ఎరుపు మైనస్. అంటే తెల్ల వైరు ఒక మోల్డ్‌లో ప్లస్, ఇంకోదాంట్లో మైనస్. రంగుని నమ్మకు, అయస్కాంతం పెట్టి చూడు: జె టైపులో ప్లస్ ఇనుము, అతుక్కుంటుంది. కె టైపులో అతుక్కునేది మైనస్. తిరగేసి కట్టావంటే హీటర్ కాగేకొద్దీ డిస్‌ప్లేలో అంకె పడిపోతుంది. కంట్రోలర్ ఇంకా చల్లగానే ఉందనుకుని పూర్తి పవర్ ఇస్తుంది. లోపల ప్లాస్టిక్ మాడి, హీటర్ పోయాక గానీ సంగతి తెలియదు.

కనెక్టర్ నుంచి కంట్రోలర్ దాకా మామూలు రాగి వైరు లాగడం ఇంకో పొరపాటు. మోల్డ్ దగ్గర కనెక్టర్ 60 డిగ్రీలు, ప్యానెల్ 35 డిగ్రీలు ఉంటే డిస్‌ప్లే దాదాపు 25 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. నువ్వు 220 అనుకున్నది లోపల 245. అదే టైపు కాంపెన్సేటింగ్ కేబులే (థర్మోకపుల్‌లాగే పనిచేసే లోహాల వైరు) కావాలి.

రాణీగంజ్‌లో కొనేటప్పుడు మేల్, ఫిమేల్, హుడ్ (కేబుల్ వైపు డబ్బా), హౌసింగ్ (బిగించి ఉండే డబ్బా) ఒకే కంపెనీవి తీసుకో. కరెంటు వచ్చే వైపు ఎప్పుడూ ఫిమేల్ ఉండాలి, ఊడదీసినా పిన్నులు వేలికి తగలవు. అందుకే పవర్‌కి కంట్రోలర్ వైపు ఫిమేల్ పెట్టి, థర్మోకపుల్‌కి అదే వైపు మేల్ పెడతారు. అప్పుడు ఒకదాంట్లో ఇంకోటి దూరదు. కుదరకపోతే తప్పు జత దూరకుండా అడ్డుపడే కోడింగ్ పిన్నులైనా వెయ్యి. 230 వోల్టులు థర్మోకపుల్ కార్డులోకి పోతే ఇక ఆ కార్డు మీద ఆశ వదులుకోవాల్సిందే.

జోన్ నంబర్లు కూడా మోల్డ్‌కో తీరు. ఒకరు మొదటి జోన్ 1, 13 పిన్నులకిస్తే, ఇంకొకరు 1, 2 పిన్నులకిస్తారు. మల్టీమీటర్ పెట్టి కొలువు: 1000 వాట్ల హీటర్ 53 ఓమ్‌ల దరిదాపుల్లో చూపాలి. కంట్రోలర్ కేబుల్ తీసేసి, హీటర్ పిన్నుకీ ఎర్త్‌కీ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచేది) పెట్టు. 1 మెగాఓమ్‌కి తగ్గితే పూర్తి పవర్ ఇవ్వకు. వానాకాలం మూలన పడున్న మోల్డ్ హీటర్లు తేమ తాగుతాయి, ముందు తక్కువ వోల్టేజి మీద ఆరనివ్వాలి. ఆ తర్వాత ఒక్కో జోన్‌ని విడిగా 60 డిగ్రీలకి పెట్టి, ఆ జోన్ అంకే పెరుగుతోందా చూడు. మూడు వేస్తే నాలుగు పెరిగిందంటే వైర్లు తారుమారయ్యాయి.

నల్లబడ్డ పిన్నుని గరుకు కాగితంతో రుద్దకు, వెండి పూత పోతుంది. కాంటాక్ట్ క్లీనర్ చాలు. పిన్నుల్ని పట్టుకునే ఇన్‌సర్ట్ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగితే రెండు వైపులా మార్చెయ్యి. కాలిన ఫిమేల్ కొత్త మేల్‌ని కూడా కాల్చేస్తుంది.

లివర్ ఎత్తేముందు కంట్రోలర్ మెయిన్ ఆపు. కరెంటు పారుతుండగా ఊడదీయడానికి చేసినవి కావు ఇవి, ఆర్క్ వస్తుంది. డిస్‌ప్లే ఆరిందో లేదో నీ కళ్ళతో చూశాకే చెయ్యి పెట్టు. మొదటి మోల్డ్ కట్టాక, హుడ్ మూసేముందు లోపలి ఫోటో ఒకటి నాకు పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న