అల్లుడూ, టోర్టోలాలో పడవ ఎక్కే ముందు ఇది చదువు

కరీబియన్ సముద్రంలోని బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో వారం రోజులకి కాటమరాన్ (జంట అడుగుల పడవ) అద్దెకి తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది. పడవ సంగతి దాన్ని అద్దెకిచ్చే చార్టర్ వాళ్లు నేర్పిస్తారు, నేను తిండి గురించే చెప్తాను.

సామాన్లన్నీ అక్కడి పెద్ద దీవి టోర్టోలాలోనే కొనేయండి. రోడ్ టౌన్‌లో రైట్‌వే అని సూపర్‌మార్కెట్ ఉంది, ముందే ఆర్డర్ పెడితే మెరీనాకే తెచ్చిస్తారు. జెండా బ్రిటిష్ వాళ్లదైనా నడిచేది అమెరికన్ డాలరే. మిగతా దీవుల్లో ఉన్నవి చిన్న కొట్లు, సరుకు దాదాపు అంతా ఓడల్లో రావాల్సిందే, అందుకే ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, పైగా టమాటా దొరికిన రోజు ఉల్లిపాయ దొరకదు. అలాగని ఏడు రోజులకీ మూడు పూటలా వంట సరుకులు కొనేయకు, ఫ్రిజ్ చిన్నది, అది తాగేది బ్యాటరీనే. టిఫిను, మధ్యాహ్నం భోజనం పడవలో, రాత్రి ఒడ్డు మీద అనుకుని కొనండి. అట్టపెట్టెలు మాత్రం రేవులోనే వదిలేయండి, వాటి మడతల్లో బొద్దింక గుడ్లు పడవలోకి వచ్చాయంటే ఇక వారమంతా వాటితోనే కాపురం.

బియ్యం అక్కడే దొరుకుతుంది. కందిపొడి, ఆవకాయ ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

అమ్మాయి మాంసం ముట్టదు కదా, బార్లలో ఆమెకి మిగిలేవి ఫ్రైస్, సలాడే. రోడ్ టౌన్‌లో శనగలు, బంగాళదుంప కూర చుట్టిన రోటీ కనిపిస్తే వదలొద్దు, 1845 నుంచి ట్రినిడాడ్‌కి కూలికి వెళ్లిన మనవాళ్ల చేతి వంట అది, అక్కడి నుంచే కరీబియన్ అంతా పాకింది.

ఇక లాబ్‌స్టర్ తినాలంటే అనెగాడా దీవికే వెళ్లాలి. కట్టెల నిప్పు మీద కాల్చి పెడతారు. కానీ మధ్యాహ్నంలోపే రేడియోలోనో ఫోన్‌లోనో చెప్పి ఉంచాలి, ఆకలేసినప్పుడు వెళ్లి కూర్చుంటే దొరకదు. ఆ దీవి చాలా పల్లంగా ఉంటుంది, దగ్గరకొచ్చే దాకా కనబడదు, చుట్టూ పగడపు దిబ్బలు, కాబట్టి పొద్దున్నే బయల్దేరి ఎండ నడినెత్తిన ఉండగానే చేరిపో.

యోస్ట్ వాన్ డైక్ దీవిలో వైట్ బే దగ్గర సాగీ డాలర్ బార్‌కి రేవే లేదు, జనం ఈదుకుంటూ వచ్చి తడిసిన నోట్లు ఇచ్చేవాళ్లు, సాగీ అంటే తడిసి ముద్దయినదని, పేరు అలా వచ్చిందే. పెయిన్‌కిల్లర్ అనే కాక్‌టెయిల్ పుట్టింది అక్కడే: రమ్, అనాస రసం, నారింజ రసం, కొబ్బరి క్రీమ్, పైన జాజికాయ పొడి. తియ్యగా ఉంటుంది కదాని మూడు లాగించేసి చీకట్లో డింగీ (ఒడ్డుకి వెళ్లొచ్చే చిన్న పడవ) నడపొద్దు, అంతే నేను చెప్పేది.

గాలం వేయాలని మీ వాళ్లు సరదా పడతారేమో, బయటి వాళ్లకి దానికి పర్మిట్ కావాలి. పట్టినా, కొన్నా, పగడపు దిబ్బల దగ్గరి పెద్ద చేపలు, ముఖ్యంగా బరాకుడా, వద్దే వద్దు. సిగ్వాటెరా అనే విషం ఉంటుంది వాటిలో, అది ఎంత ఉడికించినా పోదు.

సెప్టెంబరు అన్నారట మీ అమ్మతో. అది తుపాన్ల కాలం, 2017లో ఇర్మా వచ్చింది ఆ నెలలోనే. చాలా హోటళ్లు అప్పుడు మూసి ఉంటాయి. టికెట్లు కొనకపోతే ఫిబ్రవరికి మార్చుకోండి.