రంగు వేసే ముందు పొగగొట్టం చూడు

చిట్టితల్లీ,

పార్కులో నిలబెట్టిన పాత స్టీమ్ ఇంజన్ బాగుచేసే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంగా అనిపించింది. ఆ వెనకే టెన్షన్ పట్టుకుంది. నిద్ర రాక ఇది రాస్తున్నాను.

తుప్పు గోకడం, ప్రైమర్ కొట్టడం నీకు తెలిసినవే. పిల్లలు ఎక్కే చోట పదును అంచులు ఉండనివ్వకు.

నా గోల పొగగొట్టం గురించి. కొత్తలో నాకూ ఇలాగే ఒక ఇంజన్ అప్పగించారు. ప్రారంభోత్సవం దగ్గరపడింది. నల్లరంగు అద్దంలా మెరిసేలా వేశాం, ఇత్తడి తోమాం, ఫొటోలు దిగాం. ముందున్న గుండ్రటి తలుపు తీసి స్మోక్‌బాక్స్, అంటే పొగగొట్టం కింద పొగ చేరే గది, లోపలికి ఒక్కసారి తొంగి చూడలేదు. అడుగున జానెడు బూడిద. పైన గొట్టం నోరు తెరిచే ఉంది. పడిన వానంతా దాని మీదికే. బొగ్గు బూడిదలో గంధకం ఉంటుంది. తడి తగిలితే ఆమ్లమై ఇనుమును తింటుంది. మూడో ఏడు అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే నానిన అట్టలా దిగిపోయింది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది! మా మేస్త్రీ తిట్టలేదు. ఆ కన్నంలోంచి రెండు వేళ్ళు పెట్టి నాకేసి ఆడించాడు. తిట్టినా బాగుండేది.

అందుకని ముందు బూడిద ఎత్తించు. బొగ్గు మండే ఫైర్‌బాక్స్‌లోది, అక్కణ్ణుంచి పొగ వచ్చే ట్యూబుల్లోది కూడా. గొట్టం మీద రేకు మూత పెట్టు, కానీ గాలి ఆడాలి, లేకపోతే లోపలే చెమ్మ పడుతుంది. టెండర్‌లో (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్ళు మోసే బండి), బాయిలర్‌లో నీళ్ళు నిలవకుండా డ్రెయిన్లు తెరిచి ఉంచు. కదలకుండా చక్రాలు తిప్పే రాడ్లకు వెల్డింగ్ పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. నీ ఇంజనూ ఏదో ఒకరోజు కదలొచ్చు: 1855 నాటి ఫెయిరీ క్వీన్ అనే స్టీమ్ ఇంజన్ 1997లో మళ్ళీ బండి లాగింది.

ఇంకొకటి. బాయిలర్ చుట్టూ ఉన్న రేకు నువ్వు విప్పొద్దు. పాత ఇంజన్లలో దాని కింద వేడి బయటికి పోకుండా పూసిన ఆస్బెస్టాస్ అనే నారలాంటి ఖనిజం ఉండొచ్చు. మేం దాన్ని పిండిలా కలిపి ఒట్టి చేతులతో పూసేవాళ్ళం, ఒకరి మీద ఒకరు విసురుకునేవాళ్ళం కూడా. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దాక్కుని ముప్పై, నలభై ఏళ్ళకు జబ్బై బయటపడుతుంది. నాతో పూసినవాళ్ళలో ఇద్దరు దగ్గుతూనే పోయారు. మాస్కు కట్టుకుంటాలే పెదనాన్నా అంటావు, నీ మొండితనం నాకు తెలీదా? ఆ పని చేసే లైసెన్సు ఉన్నవాళ్ళు వచ్చి పరీక్ష చేసేదాకా అటు చెయ్యి పెట్టకు తల్లీ.

స్మోక్‌బాక్స్ తలుపు తీసిన రోజు ఫోన్ చెయ్యి. బూడిద ఎంతుందో చెప్పు.

మీ పెదనాన్న